చేతి ఖర్చుతో సినిమా

సరదా కోసం, సొంత డబ్బుతో కదిలే బొమ్మలు తీసుకునే అలవాటుకు నూరేళ్లు నిండాయి. ఆ చరిత్రను కెమెరా ధర తగ్గుతూ వచ్చిన కథగా చెప్పడం మామూలే. కానీ అది సగం కథ. కెమెరా చవకైన ప్రతిసారీ ఖర్చు బరువు వేరే చోటికి జరిగింది. ఒక తరానికి ఫిల్మ్ రీలు మోయలేని భారం, తర్వాతి తరానికి ఎడిటింగ్, ఆ తర్వాత లెన్సు, చివరికి శబ్దం. చదువుకునే వయసులో చేతిలో ఆడేది పుస్తకాలకూ బస్సు చార్జీలకూ ఇంట్లో ఇచ్చిన డబ్బే గనక ఏ కాలంలోనైనా ఆ బరువు ముందుగా తెలిసేది విద్యార్థికే. దాన్ని తప్పించుకోవడానికి వాళ్లు తొక్కిన అడ్డదారులు కొన్ని తర్వాత రాజమార్గాలయ్యాయి.

మొదట్లో సినిమా అంటే 35 మిల్లీమీటర్ల ఫిల్మ్. అందులో అడుగుకు 16 ఫ్రేములు. మూగచిత్రాల రోజుల్లో సెకనుకు తీసేది కూడా ఇంచుమించు 16 ఫ్రేములే. కాబట్టి సెకను గడిస్తే అడుగు ఫిల్మ్ ఖర్చయినట్టే. మన దేశంలో ఈ సరదాకు తొలి పేరు హరిశ్చంద్ర సఖారాం భటవడేకర్. సావే దాదాగా ప్రసిద్ధుడైన ఆయన లండన్ నుంచి 21 గినీలకు కెమెరా తెప్పించుకుని, 1899లో బొంబాయి హ్యాంగింగ్ గార్డెన్స్‌లో కుస్తీ పోటీని చిత్రీకరించారు. ఆయనకు అప్పటికే ఫోటో స్టూడియో వ్యాపారం ఉంది కాబట్టి అది చెల్లింది. జీతం మీద బతికే కుటుంబానికి ఆ ఊహే దూరం.

డబ్బుకు తోడు ప్రాణభయం ఒకటి. అప్పటి ఫిల్మ్ నైట్రేట్‌తో చేసినది. నిప్పంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. అలాంటి చుట్టను ఇంట్లో పిల్లల మధ్య వేడి దీపం ముందు తిప్పడం సాహసమే. 1898లో ఇంగ్లండులో బర్ట్ ఏకర్స్ 35 మి.మీ. ఫిల్మును నిలువునా చీల్చి, 17.5 మి.మీ.తో నడిచే బర్టాక్ అనే ఇంటి కెమెరా తయారుచేశారు. ఖర్చు సగమైంది గానీ మంట భయం అలాగే ఉంది. ఇంటి సినిమాకు దారి తీసింది కెమెరా కన్నా ముందు అసిటేట్‌తో చేసిన, సులువుగా మండని సేఫ్టీ ఫిల్మ్. ఈ సంగతి చాలా పుస్తకాల్లో ఒక వాక్యంతో దాటిపోతుంది. ఆ ఫిల్మే రాకపోతే తర్వాతి కథలో ఏదీ జరిగేది కాదు.

1922 డిసెంబరులో ఫ్రాన్సులోని పాతే సంస్థ క్రిస్మస్ అమ్మకాలకు పాతే బేబీ అనే చిన్న ప్రొజెక్టర్‌ను తెచ్చింది. మరుసటి ఏడాది దానికి జోడీగా చేత్తో తిప్పే కెమెరా వచ్చింది. ఫిల్మ్ వెడల్పు 9.5 మి.మీ. పొదుపు ఎంత లోతుగా ఆలోచించవచ్చో ఈ ఫిల్ము చూస్తే తెలుస్తుంది. మామూలు ఫిల్ముకు అంచుల్లో రంధ్రాలుంటాయి. బొమ్మ మధ్యలో మిగిలిన చోట సర్దుకోవాలి. పాతే వారు రంధ్రాన్ని ఫ్రేముకూ ఫ్రేముకూ నడుమ, సరిగ్గా మధ్యలో పెట్టారు. దాంతో బొమ్మ దాదాపు అంచుల దాకా పరుచుకుంది. మూగచిత్రంలో మాటల కార్డులు వచ్చేచోట ఫిల్మ్ అంచున చిన్న గాటు పెట్టేవారు. ప్రొజెక్టర్ ఆ గాటును పసిగట్టి కొన్ని సెకన్లు అక్కడే ఆగేది. కార్డు చదివేందుకు అడుగుల కొద్దీ ఫిల్ము వాడాల్సిన చోట రెండు మూడు ఫ్రేములు సరిపోయాయి.

అమెరికాలో కొడాక్ 1923లో 16 మి.మీ. పద్ధతిని తెచ్చింది. వెడల్పుగా 16ను ఎంచుకోవడంలో జాగ్రత్త ఉంది. 17.5 అయితే ఎవరైనా చవకగా దొరికే నైట్రేట్ ఫిల్మును నిలువునా చీల్చి ఇంటి ప్రొజెక్టర్‌లో పెట్టేస్తారు. 16కు అలా కుదరదు. ఇంకో పొదుపు కడిగే పద్ధతిలో ఉంది. వృత్తి సినిమాలో ముందు నెగటివ్ తీసి, దాని నుంచి ప్రింటు వేయాలి. అంటే ఫిల్ము రెండింతలు. కొడాక్‌లో జాన్ కాప్‌స్టాఫ్ అభివృద్ధి చేసిన రివర్సల్ పద్ధతిలో కెమెరాలో తిరిగిన ఫిల్మే కడిగాక తెర మీద వేసుకునే పాజిటివ్ అవుతుంది. ప్రింటు ఖర్చు మొత్తంగా ఎగిరిపోయింది. 35 మి.మీ.లో నాలుగు నిమిషాల పైచిలుకు బొమ్మకు 250 అడుగులు కావాలి. 16 మి.మీ.లో 100 అడుగుల చుట్ట చాలు. అయినా కెమెరా, ప్రొజెక్టర్, స్టాండు, తెర, అతుకులు వేసే పరికరం కలిపి సెట్టు ధర 335 డాలర్లు. ఆ రోజుల్లో ఫోర్డ్ మోడల్ టీ కార్లలో చవకైనది 300 డాలర్లలోపే దొరికేది. కారు కన్నా ఖరీదైన వినోదం విద్యార్థిది ఎలా అవుతుంది? సెలవులకు దేశాలు తిరిగే కుటుంబాలది అయింది. భారతదేశంలో పనిచేసిన బ్రిటిష్ అధికారులు, వ్యాపారులు ఇలాంటి కెమెరాలతో తీసిన ఇంటి సినిమాలు కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆ కాలపు బజార్లు, ప్రయాణాలు, ఇళ్ల ముంగిళ్లు వాటిలో కదులుతాయి. కెమెరా పట్టింది మాత్రం ఎప్పుడూ దొరల చెయ్యే.

చేతికందే ధర 1932లో వచ్చింది. అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయిన సమయమది. కొడాక్ 8 మి.మీ. కెమెరాను 29.50 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. దాని కిటుకు లెక్కల్లో ఉంది. చుట్టలో ఉండేది 25 అడుగుల 16 మి.మీ. ఫిల్మే, రంధ్రాలు మాత్రం రెండింతలు. మొదటిసారి తిరిగినప్పుడు సగం వెడల్పు మీద బొమ్మ పడుతుంది. చుట్ట తిరగేసి పెడితే మిగతా సగం మీద పడుతుంది. కడిగాక ల్యాబులో మధ్యకు చీల్చి రెండు ముక్కలనూ కొసాకొసా అతికితే 50 అడుగుల 8 మి.మీ. సినిమా. ఫ్రేములు లెక్కపెడితే 4,000. అంతకుముందు 100 అడుగుల 16 మి.మీ. ఫిల్ము ఇచ్చినవీ సరిగ్గా అన్నే. నాలుగో వంతు ఫిల్ముతో అదే నాలుగు నిమిషాల సినిమా! చుట్ట తిరగేసేటప్పుడు వెలుగు సోకి అంచులు కాలిపోవడం, తిరగేయడం మరిచి ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ తీయడం వంటి తంటాలు ఆ తరం వాళ్లందరికీ పరిచయమే.

ఇలా రీలు పొదుపుగా వాడాల్సి రావడంతో ఒక క్రమశిక్షణ పుట్టింది. మీట నొక్కితే డబ్బు కారుతుంది కాబట్టి నొక్కే ముందే షాటు నిర్ణయించుకోవాలి. దృశ్యాలను కథ నడిచే వరసలోనే తీస్తే తర్వాత కత్తిరింపులు అక్కర్లేదు. కెమెరాలోనే ఎడిటింగ్ అయిపోతుంది. కాగితం మీద ముందుగా షాట్ల పట్టీ రాసుకోవడం, ఫిల్ము లేకుండా ఒకసారి నడిపించి చూసుకోవడం ఔత్సాహికులకు అలవాటయ్యాయి. 1926లో అమెరికాలో హైరం పెర్సీ మాక్సిం స్థాపించిన అమెచ్యూర్ సినిమా లీగ్, దాని పత్రిక ఈ మెళకువలనే ఊరూరికీ చేర్చాయి. సభ్యులు ఒకరి సినిమాలు ఒకరికి పంపుకుని చూసేవారు. ప్రేక్షకులను వెతుక్కునే సమస్య అప్పుడే మొదలైందన్నమాట.

ఈ కాలంలో విద్యార్థి పేదరికం ఏం చేయగలదో చూపినవాడు నార్మన్ మెక్‌లారెన్. స్కాట్లండులో గ్లాస్గో స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 1930ల మొదట్లో చదువుకుంటున్న అతనికి ఒక 35 మి.మీ. ప్రొజెక్టర్ దొరికింది, కెమెరా లేదు. పనికిరాని పాత ప్రింటు ఒకటి సంపాదించి, స్నానాల తొట్టిలో నానబెట్టి, బొమ్మలున్న పూత మొత్తం కరిగేదాకా ఉంచాడు. మిగిలిన పారదర్శకమైన పట్టీ మీద కుంచెతో రంగు సిరాలు దిద్ది నేరుగా ప్రొజెక్టర్‌లో వేశాడు. తర్వాత కళాశాల మిత్రులతో కలిసి, అక్కడి ఒక రోజు జీవితాన్ని ‘సెవెన్ టిల్ ఫైవ్’ పేరుతో మూగచిత్రంగా తీశాడు. గ్లాస్గోలో జరిగే ఔత్సాహికుల చిత్రోత్సవంలో అతని పనిని చూసిన జాన్ గ్రియర్సన్ లండన్‌లోని జనరల్ పోస్టాఫీసు ఫిల్మ్ యూనిట్‌లో ఉద్యోగమిచ్చారు. 1941 నుంచి కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో మెక్‌లారెన్ ఫిల్ము మీద నేరుగా గీసే పద్ధతిని ఒక కళగా నిలబెట్టారు. 1952 నాటి ‘నైబర్స్’ ఆస్కార్ గెలిచింది. 1953లో యునెస్కో తరఫున భారతదేశానికి కూడా వచ్చారు. ఈ ప్రయాణమంతా కెమెరా కొనలేకపోవడంతో మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం 16 మి.మీ.ను సైన్యం పనిముట్టుగా మార్చింది. యుద్ధం ముగిశాక మిగులు కెమెరాలు, ఫిల్ము చవకగా బయటికొచ్చాయి. అంతకు కాస్త ముందు, 1943లో, లాస్ ఏంజెలెస్‌లో మాయా డెరెన్ తండ్రి మిగిల్చిన సొమ్ములోంచి ఒక సెకండ్‌హ్యాండ్ బొలెక్స్ కెమెరా కొన్నారు. భర్త అలెగ్జాండర్ హామిడ్‌తో కలిసి, తాము ఉండే ఇంట్లోనే, తామే నటిస్తూ ‘మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్’ తీశారు. శబ్దం లేదు. ప్రయోగాత్మక సినిమా గురించి రాసే ఏ పుస్తకమూ ఈ పద్నాలుగు నిమిషాల చిత్రాన్ని వదలదు. వృత్తివారికి లేని స్వేచ్ఛే ఔత్సాహికుడి అసలు పెట్టుబడి అని ఆమె తర్వాత ఒక వ్యాసంలో వాదించారు.

1964లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో పదిహేడేళ్ల కుర్రాడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ దాదాపు 500 డాలర్లతో ‘ఫైర్‌లైట్’ అనే రెండు గంటలు దాటిన 8 మి.మీ. సినిమా తీసి, ఊళ్లోని చిన్న థియేటర్‌లో ఒక రాత్రి టికెట్లు పెట్టి ఆడించాడు. మరుసటి ఏడాది కొడాక్ సూపర్ 8ను విడుదల చేసింది. ఫిల్ము ప్లాస్టిక్ డబ్బాలో సిద్ధంగా ఉంటుంది. డబ్బా దోపితే చాలు. తిరగేయనక్కర్లేదు, చీకట్లో తడుముకోనక్కర్లేదు. రంధ్రాలు చిన్నవి చేసి బొమ్మ వైశాల్యాన్ని పాత 8 మి.మీ. కన్నా దాదాపు సగం మేర పెంచారు. 50 అడుగుల డబ్బా సెకనుకు 18 ఫ్రేముల చొప్పున 3 నిమిషాల 20 సెకన్లు నడుస్తుంది. 1973 నుంచి శబ్దం కూడా పట్టే డబ్బాలు వచ్చాయి. అమెరికా, ఐరోపా, జపాన్ కళాశాలల్లో సినిమా క్లబ్బులన్నిటికీ ఇదే బడి. భారతదేశంలో మాత్రం ఫిల్ము దిగుమతి సరుకు కావడంతో సూపర్ 8 కొద్ది ఇళ్లకే పరిమితమైంది. ఇక్కడి విద్యార్థికి కెమెరా ముట్టుకునే దారి 1960లో పుణెలో వెలసిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట సీటు సంపాదించడమే.

ఫిల్ముకున్న అసలు లోపం ఒకటే. ఒకసారి వెలుగు పడ్డాక మళ్లీ వాడలేం. వీడియో టేపు ఆ లోపాన్ని తీసేసింది. చెరిపి మళ్లీ మళ్లీ వాడవచ్చు, తీసింది అప్పటికప్పుడు చూసుకోవచ్చు. 1956లో వచ్చిన ఆంపెక్స్ రికార్డర్ ధర దాదాపు 50,000 డాలర్లు. అది టీవీ కేంద్రాల వస్తువు. 1967లో సోనీ పోర్టాపాక్ తెచ్చింది. భుజానికి రికార్డర్, చేతిలో కెమెరా, నలుపు తెలుపు బొమ్మ, ఇరవై నిమిషాల టేపు. ఒక్కడే మోసుకుపోగల వీడియో అదే మొదటిది. ధర ఇంకా వెయ్యి డాలర్లు దాటడంతో విశ్వవిద్యాలయాలు, కళా బృందాలు ఉమ్మడిగా కొని వంతులవారీగా వాడుకున్నాయి. కెమెరా అందరిదిగా ఉండే ఈ ఏర్పాటు చాలా మంచి ఏర్పాటు. ఒకరు తీస్తుంటే పక్కన నిలబడి పదిమంది నేర్చుకున్నారు.

కెమెరా, రికార్డర్ ఒక్క ఒంట్లో ఇమిడింది 1983లో. సోనీ బీటామూవీ తీయగలదు గానీ తీసినదాన్ని చూపలేదు. 1984లో జేవీసీ చిన్న వీహెచ్ఎస్-సి క్యాసెట్టుతో నడిచే కెమెరా తెచ్చింది. 1985లో సోనీ 8 మి.మీ. వీడియోతో హ్యాండీక్యామ్ పేరును ఊళ్లోకి తెచ్చింది. 1989 నాటి సోనీ టీఆర్55 బరువు 790 గ్రాములు. అక్కడి నుంచి అరచేతి కెమెరా మామూలైపోయింది.

భారతదేశంలో 1982 ఏషియాడ్ వేళ రంగుల టీవీ వచ్చింది. ఆ వెంటే వీసీఆర్‌లు, వీడియో క్యాసెట్ల అద్దె దుకాణాలు వెలిశాయి. తెలుగు ఊళ్లలో వీడియో కెమెరా ఇంటి వస్తువుగా కాక పెళ్లి వస్తువుగా అడుగుపెట్టింది. ఫోటో స్టూడియో యజమాని అప్పుచేసి భుజం మీద పెట్టుకునే వీహెచ్ఎస్ కెమెరా కొనేవాడు. పెళ్లిపందిట్లో కళ్లు జిగేల్‌మనే సన్‌గన్ లైటు, దాని వెనక పొడవాటి వైరు లాగుతూ ఒక కుర్రాడు. తాళి కట్టే క్షణంలో లైటు పురోహితుడి చేతుల మీద నిలబెట్టడం, పొగలో బొమ్మ తెల్లబోకుండా పక్కకు జరగడం, బంధువుల వరసలన్నీ ఒకసారైనా టేపులో పడేలా చూడటం. ఇవన్నీ ఆ కుర్రాడు పుస్తకం లేకుండా నేర్చిన పాఠాలు. వేసవి సెలవుల్లో లైటు పట్టినవాడు రెండు ముహూర్తాల సీజన్లు గడిచేసరికి కెమెరా పట్టేవాడు. తర్వాత స్టూడియోలో కూర్చుని పేర్లు వేయడం, పాటలు కలపడం, పువ్వుల ఫ్రేములో వధూవరులను ఇరికించడం. దీన్నంతా కలిపి ‘మిక్సింగ్’ అనేవారు. పెళ్లి వీడియోను చిన్నచూపు చూడటం సినిమా వాళ్లలో ఒక అలవాటు. నిజానికి కెమెరా కొనలేని యువకుడికి, డబ్బిచ్చి మరీ నేర్పిన బడి తెలుగునాట అదొక్కటే.

అమెరికాలో అదే కాలంలో ఒక బొమ్మల కంపెనీ వింత పని చేసింది. 1987లో ఫిషర్-ప్రైస్ అమ్మిన పీఎక్స్ఎల్-2000 అనే పిల్లల కెమెరా, పాటల క్యాసెట్టు మీదే వీడియో రికార్డు చేసేది. బొమ్మకు కావలసిన సమాచారం పట్టడానికి టేపును మామూలు వేగానికి దాదాపు 9 రెట్లు తిప్పేది. వచ్చేది మసక మసక నలుపు తెలుపు బొమ్మ. ధర 200 డాలర్లలోపే. వ్యాపారంగా అది నిలవలేదు. క్రిస్మస్ కానుకగా దాన్ని అందుకున్న సేడీ బెనింగ్ మాత్రం పదిహేనేళ్లప్పుడు పడకగదిలో తలుపేసుకుని తన గోడును తానే చెప్పుకుంటూ చిన్న చిత్రాలు తీసింది. కెమెరా అతి దగ్గరి వస్తువును కూడా పట్టగలిగేది కనుక ముఖం, పెదవులు, చేతిరాత చీటీలే ఆమె దృశ్యాలయ్యాయి. 1993లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం తన ద్వైవార్షిక ప్రదర్శనలో ఆమె పనికి చోటిచ్చింది.

టేపుతో తీయడం చవకైంది. ఇరకాటం ఎడిటింగ్ దగ్గర వచ్చింది. ఫిల్మును కత్తెరతో కోసి అతకవచ్చు. టేపు మీద బొమ్మ కంటికి కనిపించదు. రెండు వీసీఆర్‌లు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో ఆడిస్తూ ఇంకోదానిలో సరైన క్షణానికి రికార్డు నొక్కాలి. వేలు అరసెకను తడబడితే ముందు షాటు తోక మిగిలిపోతుంది. మధ్యలో ఒక షాటు తీసేయాలంటే అక్కడి నుంచి చివరిదాకా మళ్లీ చేయాలి. ప్రతి కాపీకీ రంగు పలచబడి, అంచులు కరిగిపోయేవి. మూడో కాపీకి మొహాలు గుర్తుపట్టడం కష్టం.

ఈ పద్ధతిని పట్టుకుని మహారాష్ట్రలో మరమగ్గాల పట్టణం మాలెగావ్ ఏకంగా ఒక సినిమా పరిశ్రమనే నడిపింది. అక్కడ వీడియో పార్లర్ నడిపే నాసిర్ షేక్ రెండు వీసీఆర్‌లతో ఎడిటింగ్ నేర్చుకుని, పెళ్లి కెమెరాతో ‘మాలెగావ్ కే షోలే’ తీశారు. ట్రాలీ కావాలంటే సైకిలు, క్రేన్ కావాలంటే ఎడ్లబండి కాడి. నటులు మగ్గాల కార్మికులు, చిన్న దుకాణదారులు. ఊళ్లో అది విరగబడి ఆడింది. ఫైజా అహ్మద్ ఖాన్ 2008లో తీసిన ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలెగావ్’ డాక్యుమెంటరీ వల్ల ఆ కథ ప్రపంచానికి తెలిసింది.

ఎడిటింగ్ ఇరకాటం విడిపోయింది 1995లో. ఆ ఏడాది వచ్చిన డీవీ టేపులో బొమ్మ అంకెలుగా మారి కూర్చుంటుంది. ఎన్ని కాపీలు తీసినా చెక్కుచెదరదు. సోనీ వీఎక్స్1000 కెమెరాకు ఫైర్‌వైర్ అనే తీగ తగిలించే చోటుంది. ఆ తీగతో టేపులోని బొమ్మ నేరుగా కంప్యూటర్‌లోకి దిగుతుంది. గంట వీడియోకు దాదాపు 13 గిగాబైట్లు పట్టేది. అప్పటి హార్డ్‌డిస్కులకు అది మింగలేని ముద్దే గానీ రెండు మూడేళ్లలో డిస్కులే పెరిగాయి. 1999లో ఆపిల్ తన ఐమ్యాక్‌తోపాటు ఐమూవీని ఉచితంగా ఇచ్చింది. 2000లో విండోస్‌తో మూవీ మేకర్ వచ్చింది. డెన్మార్క్‌లో థామస్ వింటర్‌బెర్గ్ ‘ఫెస్టెన్’ను చిన్న సోనీ హ్యాండీక్యామ్‌తో తీసి 1998లో కాన్ చిత్రోత్సవంలో బహుమతి అందుకున్నారు. జొనాథన్ కవెట్ తన ఇంట్లో పోగైన పాత టేపులను ఐమూవీలో కూర్చి ‘టార్నేషన్’ తయారుచేశారు. మొదటి కూర్పు ఖర్చు 218 డాలర్లని చెప్పుకుంటారు. హాస్టల్ గదిలో స్నేహితుడి కంప్యూటర్ మీద రాత్రంతా కూర్చుని సినిమా కూర్చే అలవాటు ఈ కాలానిదే.

ఇక మిగిలిన బాధ బొమ్మ తీరు. హ్యాండీక్యామ్‌లో సెన్సార్ చిన్నది. ఒక అంగుళంలో మూడో వంతు అని పిలిచే సెన్సార్ నిజంగా 4.8 మి.మీ. వెడల్పు, 3.6 మి.మీ. ఎత్తు ఉంటుంది. అంత చిన్న సెన్సార్ మీద ముందున్న మనిషీ వెనకనున్న గోడా ఒకే స్పష్టతతో పడతాయి. వెనకభాగం మెత్తగా కరిగి, ముఖం ఒక్కటే నిలిచే సినిమా బొమ్మ రావాలంటే పెద్ద సెన్సార్, పెద్ద లెన్సు కావాలి. అవి లక్షల వ్యవహారం. విద్యార్థులు కొందరు పాత ఫోటో లెన్సు వెనక గరుకు గాజు పలక పెట్టి, దాని మీద పడిన బొమ్మను హ్యాండీక్యామ్‌తో తీసే గొట్టాలు ఇంట్లోనే చేసుకున్నారు. వెలుగు సగం తాగేసేవి, బొమ్మ తలకిందులుగా వచ్చేది, అయినా పట్టు వదల్లేదు.

2008లో ఆ గొట్టాలు మూలపడ్డాయి. ఆగస్టులో నికాన్ డీ90, సెప్టెంబరులో కెనాన్ 5డీ మార్క్ 2 ప్రకటించారు. రెండూ డీఎస్ఎల్ఆర్ అనే రకం ఫోటో కెమెరాలే. వీడియో అదనపు హంగుగా చేర్చారు. 5డీ సెన్సార్ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. పాత హ్యాండీక్యామ్ సెన్సార్‌కు వైశాల్యంలో 50 రెట్లు. 2010లో వచ్చిన కెనాన్ 550డీ అదే పనిని కొంచెం చిన్న సెన్సార్‌తో, మూడో వంతు ధరకు చేసింది. ఆ సెన్సార్ దాదాపు 35 మి.మీ. సినిమా ఫ్రేమంత ఉండటం యాదృచ్ఛికమే అయినా అదృష్టం. దానికి 50 మి.మీ. ఎఫ్ 1.8 ప్లాస్టిక్ లెన్సు తగిలిస్తే ముఖాల క్లోజప్‌లు సినిమా తెరకు తగ్గట్టు వచ్చేవి. సోవియట్ కాలపు పాత హెలియోస్ లెన్సులకు అడాప్టరు బిగించి వాడుకున్నవారూ ఉన్నారు. లోపాలు లేకపోలేదు. కెమెరాను గబుక్కున తిప్పితే స్తంభాలు వంగినట్టు కనిపించేవి. మెమరీ కార్డు మీద ఒక ఫైలు 4 గిగాబైట్లు మించకూడదు కాబట్టి పన్నెండు నిమిషాలకు రికార్డింగ్ ఆగేది. కెనాన్ ఇవ్వని సౌకర్యాలు కొన్నిటిని 2009లో ట్రామెల్ హడ్సన్ మొదలుపెట్టిన మ్యాజిక్ లాంటర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. కంపెనీ అమ్మిన వస్తువును వాడకందార్లే మెరుగుపరుచుకున్న అరుదైన సందర్భమిది.

రంగులు దిద్దే పని కూడా ఇదే కాలంలో దిగివచ్చింది. హాలీవుడ్ గదుల్లో లక్షల డాలర్ల యంత్రంగా ఉన్న డావిన్చి రిజాల్వ్‌ను 2009లో బ్లాక్‌మ్యాజిక్ కొనుక్కుని, 2010లో 995 డాలర్ల సాఫ్ట్‌వేర్‌గా మార్చింది. 2011లో ఉచిత కూర్పు వచ్చింది. తర్వాత ఎడిటింగ్ కూడా అందులోనే చేరింది. కొత్తగా మొదలుపెట్టే విద్యార్థి ఇవాళ పైసా ఖర్చు లేకుండా వాడుతున్నది దాన్నే.

ప్రేక్షకులు దొరికే చోటు అప్పటికే ఏర్పడింది. 2005లో యూట్యూబ్ మొదలైంది. తెలుగులో 2010 తర్వాత ఇంజనీరింగ్ కాలేజీల నుంచి షార్ట్ ఫిల్ముల వెల్లువ వచ్చింది. నలుగురు కలిసి కెమెరా రోజుకింత చొప్పున అద్దెకు తేవడం, తెల్లవారే వేళ వెలుగులో రోడ్డు సీన్లు తీయడం, మధ్యాహ్నపు ఎండలో ముఖం మీది నీడను తుడవడానికి తెల్ల థర్మాకోల్ షీటు పట్టుకోవడం, రాత్రి సీనుకు ట్యూబ్‌లైటు చుట్టూ గుడ్డ కట్టడం. విశాఖపట్నం నుంచి షార్ట్ ఫిల్ములు తీస్తూ, నటిస్తూ వచ్చిన రాజ్ తరుణ్ 2013లో ‘ఉయ్యాల జంపాల’కు కథానాయకుడయ్యారు. షార్ట్ ఫిల్ములతో చేయి తిరిగిన సుజీత్ 2014లో ‘రన్ రాజా రన్’కు దర్శకుడయ్యారు. ‘సైన్మా’ అనే లఘుచిత్రం తీసిన తరుణ్ భాస్కర్ 2016లో ‘పెళ్లిచూపులు’ తీసి, తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం తెచ్చారు.

ఈ షార్ట్ ఫిల్ములన్నిటిలో బొమ్మ కన్నా బలహీనంగా ఉన్నది శబ్దం. డీఎస్ఎల్ఆర్ మైకు గాలినీ లారీ హారన్‌నూ మాటనూ ఒకే గౌరవంతో రికార్డు చేస్తుంది. తెలుగు సినిమాకు డబ్బింగ్ అలవాటు ఎలాగూ ఉంది. అందుకే గది కిటికీలకు దుప్పట్లు కట్టి, పరుపులు గోడకానించి మాటలు తర్వాత చెప్పించడం చాలామందికి దారి అయింది. పెదవులు కలవని షార్ట్ ఫిల్ములు అన్ని ఉండటానికి కారణం ఇదే. రెండో దారి విడి రికార్డర్. 2010లో 99 డాలర్లకు వచ్చిన జూమ్ హెచ్1 లాంటిది నటుడి దగ్గర పెట్టి, షాటు మొదట్లో చేత్తో ఒక చప్పట కొడతారు. ఎడిటింగ్‌లో ఆ చప్పటను బొమ్మలోని చేతులతో కలిపితే మాట పెదవికి అతుకుతుంది. స్టూడియో క్లాప్ బోర్డు చేసే పని అంతకు మించినది కాదు. రికార్డర్ కూడా భారమనుకున్నవారు పాత ఫోను చొక్కా జేబులో దాచి అదే పని చేయించారు.

ఫోను చివరికి కెమెరాగానూ నిలబడింది. 2015లో విడుదలైన ‘టాంజరిన్’ను షాన్ బేకర్ లాస్ ఏంజెలెస్ వీధుల్లో మూడు ఐఫోన్ 5ఎస్‌లతో, చిన్న వెడల్పు లెన్సు అడాప్టరుతో, 8 డాలర్ల యాప్‌తో తీశారు. వీధిలో నటులు కానివారి ముఖాలు ఫోను ముందు బిగుసుకుపోకపోవడం ఆయనకు కలిసొచ్చిన లాభం. శబ్దానికి మాత్రం ఫోనును నమ్ముకోలేదు, విడిగా వృత్తి పరికరాలతోనే రికార్డు చేయించారు. భారతదేశంలో 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర పడిపోయి, ఊళ్లో తీసిన వీడియో ఊళ్లోనే ఎక్కించే వీలు కలిగింది. ఫోనున్న విద్యార్థి వేరే ఏమైనా కొనగలిగితే ముందు కొనవలసింది కాలర్ మైకు, తర్వాత స్టాండు. కెమెరా కోసం దాచిన డబ్బు చివరిదాకా దాచుకోవచ్చు.

సూపర్ 8 ఇంకా బతికే ఉంది. పాత కెమెరాలు వేలంలో కొనుక్కుని పెళ్లిళ్లు, పాటల వీడియోలు తీసేవారు అమెరికా, ఐరోపాల్లో పెరిగారు. 2023 చివర్లో కొడాక్ కొత్త సూపర్ 8 కెమెరాను 5,495 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. దోపే డబ్బా మాత్రం 1965 నాటిదే. అందులో 50 అడుగుల ఫిల్మ్, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తే రెండున్నర నిమిషాలు.